వార్త ఆగిన చోట రూపకం మొదలవుతుంది

రేడియో వార్తల్లో ఒక దూరదేశానికి దక్కేవి మహా అయితే మూడు వాక్యాలు. ఎక్కడ జరిగింది, ఎంతమంది చనిపోయారు, ఏ నాయకుడు ఏమన్నాడు. నాలుగో వాక్యానికి వార్త ఇంకో దేశానికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఆటల కబుర్లు, వాతావరణం. మనం విన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ ఊళ్లో మర్నాడు పొద్దున బడి తెరిచారో లేదో, బావి దగ్గర నీళ్లకు ఎవరు నిలబడ్డారో, పారిపోయినవాళ్లు వెంట ఏం తీసుకెళ్లారో మనకు తెలియదు. తెలియకపోయినా పరీక్షలో జవాబు రాసేయగలం. చిక్కంతా అక్కడే ఉంది. ఒక దేశం గురించి మనకు తెలిసింది మూడు వాక్యాలే అయితే, ఆ దేశపు మనుషులందరినీ ఆ మూడు వాక్యాల్లోకి కుదించేస్తాం.

ఈ ఖాళీని పూరించడానికి రేడియోలో ఒక ప్రక్రియ ఉంది. దాన్ని డాక్యుమెంటరీ అంటున్నాం. ఆకాశవాణి తెలుగు కేంద్రాల్లో ఇలాంటి కార్యక్రమాలకు 'రూపకం' అన్న మాట వాడుకలో ఉంది. నిడివి సాధారణంగా అరగంట నుంచి గంట. ఇందులో మూడు పోగులు ఉంటాయి: ఒకటి కథనం, అంటే విషయాన్ని నడిపించే వ్యాఖ్యాత మాట, రెండోది ఆ విషయంతో బతుకు ముడిపడినవాళ్ల సొంత గొంతు, మూడోది పరిసర ధ్వని, అంటే సంత గోల, రైలు కూత, మగ్గం చప్పుడు, ఒక్కోసారి నిశ్శబ్దం. ఈ మూడింటినీ జడలా అల్లడమే రూపకర్త పని.

అంతర్జాతీయ వ్యవహారాలను ఈ ప్రక్రియ ఎలా వినిపిస్తుందో, దాన్ని మనం ఎలా వినాలో మూడు ఉదాహరణలతో చూద్దాం.

పబ్లిక్ రేడియో అంటే ఎవరి రేడియో?

రేడియోకు యజమాని ఎవరన్నది మొదట తెలుసుకోవాలి. యజమాని ప్రభుత్వమైతే ఒక రకం, వ్యాపారి అయితే ఒక రకం. ఈ రెండింటికీ మధ్య మూడో దారి పబ్లిక్ రేడియో. ప్రజల సొమ్ముతో, ప్రజల కోసం, చట్టం ద్వారానో రాజపత్రం ద్వారానో ఏర్పడి, సంపాదకీయ నిర్ణయాలు తానే తీసుకోవాల్సిన సంస్థ అది.

బ్రిటన్‌లో బీబీసీ 1922లో కంపెనీగా మొదలై, 1927లో కార్పొరేషన్‌గా మారింది. అక్కడి కుటుంబాలు కట్టే లైసెన్సు రుసుమే దానికి ప్రధాన ఆదాయం. 1932లో సామ్రాజ్యం కోసం మొదలుపెట్టిన ప్రసారమే కాలక్రమంలో నేటి బీబీసీ వరల్డ్ సర్వీస్ అయింది. అమెరికాలో నేషనల్ పబ్లిక్ రేడియో 1970లో ఏర్పడి, మరుసటి ఏడాది ప్రసారాలు ప్రారంభించింది. శ్రోతల విరాళాలు, సభ్య స్టేషన్లు కట్టే రుసుములు, ప్రాయోజకుల సొమ్ము దాని ఆధారాలు. మన దేశంలో ప్రసార భారతి చట్టం 1990లో వచ్చింది. 1997లో అమలై, ఆకాశవాణి, దూరదర్శన్‌లు ఆ సంస్థ కిందికి వచ్చాయి. ఒకప్పుడు మనకూ రేడియో లైసెన్సు ఉండేది. ఏటా తపాలా కార్యాలయంలో రుసుం కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకునేవారు. ఆ సంగతి మీ తాతయ్యలను అడగండి, చెబుతారు.

డబ్బు ఎవరిదన్నది ఎందుకంటే, దూరదేశానికి మనిషిని పంపి, వారాల తరబడి అక్కడ ఉంచి, చివరికి అరగంట కార్యక్రమం తీయడం వ్యాపార లెక్కకు సరిపడే పని కాదు. ప్రకటనదారుడికి ఆ అరగంట మీద ఆసక్తి తక్కువ. అందుకే ఇటువంటి రూపకాలకు ఎక్కువగా పబ్లిక్ రేడియోలే పుట్టిల్లు అయ్యాయి.

ఆరుగురి కథ: 1946

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడింది. ఏడాది గడిచేసరికి ప్రపంచానికి ఆ సంఘటన ఒక ఆయుధం పేరుగా, ఒక పొగమేఘం బొమ్మగా, ఒక పెద్ద అంకెగా మిగిలింది. అప్పుడు అమెరికన్ విలేఖరి జాన్ హెర్సీ ఆ నగరానికి వెళ్లి, బతికి బయటపడిన ఆరుగురి కథ రాశాడు: ఆఫీసులో పనిచేసే యువతి, ఇద్దరు డాక్టర్లు, భర్త పోయిన ఒక దర్జీ ఇల్లాలు, ఒక జర్మన్ ఫాదరీ, ఒక జపాను పాస్టరు. 1946 ఆగస్టు చివరి రోజున 'న్యూయార్కర్' పత్రిక తన సంచికనంతా ఆ ఒక్క రచనకే ఇచ్చింది.

అది వెంటనే రేడియోకు ఎక్కింది. అమెరికాలో ఏబీసీ అనే ప్రైవేటు సంస్థ నాలుగు సాయంత్రాలు దాన్ని నటులతో చదివించింది. సంగీతం పెట్టలేదు, బాంబు చప్పుడు పెట్టలేదు. గొంతు ఒక్కటే. అదే ఏడాది బీబీసీ కూడా, అప్పుడే కొత్తగా ప్రారంభించిన 'థర్డ్ ప్రోగ్రామ్'లో దాన్ని ప్రసారం చేసింది. యుద్ధంలో జపానును శత్రువుగా చూసిన రెండు దేశాల్లో, ఇంకా గాయాలు మానకముందే, జనం తమ ఇళ్లలో కూర్చుని శత్రునగరంలోని ఆరుగురు ఆ ఉదయం ఏం చేస్తున్నారో విన్నారు.

కచ్చితంగా చెప్పాలంటే ఇది నేటి అర్థంలో డాక్యుమెంటరీ కాదు, పత్రికా రచనను చదవడం. అయినా ఈ ప్రక్రియ సూత్రం ఇందులో ఉంది. అంకె పెద్దదయ్యేకొద్దీ మనసు మొద్దుబారుతుంది. ఆరుగురైతే గుర్తుంటారు. ఆరుగురి ద్వారా మిగతా లక్షమందీ మనుషులేనని తెలుస్తుంది. చప్పుళ్లూ సంగీతమూ లేకపోవడం కూడా ఒక పాఠమే. విషయం బరువైనదైతే దానికి అలంకారం అక్కర్లేదు.

సరిహద్దు అవతలి గొంతు: 1971

రెండో ఉదాహరణ మన ఉపఖండానిదే. 1971 మార్చి 25 రాత్రి తూర్పు పాకిస్తాన్‌లో సైనిక చర్య మొదలైంది. తర్వాతి నెలల్లో సుమారు కోటిమంది శరణార్థులు పశ్చిమ బెంగాల్, త్రిపుర, అస్సాం, మేఘాలయలకు తరలివచ్చారు. చిట్టగాంగ్ దగ్గర కాలూర్‌ఘాట్ ట్రాన్స్‌మిటర్ నుంచి 'స్వాధీన్ బంగ్లా బేతార్ కేంద్ర' గొంతు విప్పింది. బేతార్ అంటే తీగ లేనిది, అంటే రేడియో.

ఇవతల ఆకాశవాణి కలకత్తా కేంద్రంలో రెండు కార్యక్రమాలకు ఆ రోజుల్లో ఇంటింటా పేరు. ఒకటి 'సంబాద్ పరిక్రమ'. ప్రణవేశ్ సేన్ రాసేవారు, దేవదులాల్ బందోపాధ్యాయ్ చదివేవారు. రెండోది 'సంబాద్ విచిత్ర'. దాన్ని రూపొందించిన ఉపేన్ తరఫ్‌దార్ టేప్ రికార్డరును స్టూడియో బయటికి తీసుకెళ్లి, సంఘటనల మధ్య ఉన్నవాళ్ల గొంతులను ప్రసారంలోకి తెచ్చారు. ఇక్కడ ఒక భాషా విశేషం చెప్పుకోవాలి. తెలుగులో 'విచిత్రం' అంటే వింత. బెంగాలీలో ఆ మాటకు సంస్కృతంలోని పాత అర్థం నిలిచి ఉంది: రకరకాల రంగులు కలిసినది. వార్తల్లోని పలు రంగులను చూపే కార్యక్రమం కనుక ఆ పేరు.

సరిహద్దు అవతల ఆ ప్రసారాలను తలుపులు వేసుకుని, శబ్దం తగ్గించి వినేవారు. దేవదులాల్ బందోపాధ్యాయ్‌కు 1972లో పద్మశ్రీ వచ్చింది. ఒక రేడియో గొంతు రెండు దేశాల చరిత్రలో చోటు సంపాదించుకోవడం అరుదు.

అయితే శ్రద్ధగల శ్రోత ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అప్పటికి ఆకాశవాణి ప్రభుత్వ శాఖ. ఆ డిసెంబరులో జరిగిన యుద్ధంలో భారతదేశం ఒక పక్షం. ఆ గొంతులు నిజమైనవే, ఆ బాధ నిజమైనదే. కానీ ఏ గొంతును వినిపించాలో ఎంచుకున్నవాళ్లు ఒక వైపు నిలబడి ఎంచుకున్నారు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఇది పట్టుబడితే అంతర్జాతీయ వ్యవహారాల్లో సగం పాఠం పట్టుబడినట్టే.

ఒక టీషర్టు ప్రయాణం: 2013

యుద్ధం లేని చోట కూడా అంతర్జాతీయ వ్యవహారం ఉంటుంది. మన ఒంటి మీదే ఉంటుంది. నేషనల్ పబ్లిక్ రేడియోకు చెందిన 'ప్లానెట్ మనీ' బృందం 2013లో ఒక పని చేసింది. ఒక మామూలు టీషర్టు ఎలా తయారవుతుందో చెప్పడానికి తామే టీషర్టులు తయారుచేయించి, దారి పొడవునా మైకు పట్టుకుని వెళ్లారు. ఖర్చు కోసం శ్రోతలనే ముందుగా టీషర్టు కొనమని అడిగారు. సుమారు 20 వేలమంది ముందుకు వచ్చారు, దాదాపు 5.9 లక్షల డాలర్లు పోగయ్యాయి.

పత్తి అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రానిది. అక్కడ చేలో కూలీలు కనిపించరు. యంత్రమే పత్తి తీస్తుంది. వరంగల్‌లోనో గుంటూరులోనో చేతులతో పత్తి తీయడం చూసిన తెలుగు పిల్లలకు ఈ ఒక్క తేడాయే చాలా చెబుతుంది. అక్కడి రైతు వెనక ప్రభుత్వ సబ్సిడీ ఉంది. ఆ సబ్సిడీల మీద బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసి గెలిచింది కూడా. ఆ పత్తి ఇండోనేషియాలో నూలు అయింది. మగవాళ్ల టీషర్టులు బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో, ఆడవాళ్లవి కొలంబియాలోని మెడెయిన్‌లో కుట్టారు. తర్వాత ఓడ మీద కంటెయినర్లలో అమెరికా చేరాయి.

1971లో రేడియో గొంతు లేచిన చిట్టగాంగ్‌లోనే ఇప్పుడు కుట్టుమిషన్ల చప్పుడు వినిపిస్తుంది. ఆ కార్యక్రమంలో బట్టల మిల్లులో పనిచేసే అక్కచెల్లెళ్లు మాట్లాడతారు. కొలంబియాలో అదే పని చేసే స్త్రీకి వాళ్ల కంటే జీతం బాగా ఎక్కువ. అది వింటున్నప్పుడు మనకు ఇంకో తేదీ గుర్తుకు రావాలి. అదే ఏడాది ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సవార్‌లో రాణా ప్లాజా అనే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో అత్యధికులు ఇలాంటి దుస్తులు కుట్టేవాళ్లే. ఆ డిసెంబరు నుంచి అక్కడి దుస్తుల కార్మికుల కనీస నెలజీతం 3,000 టాకాల నుంచి 5,300 టాకాలకు పెరిగింది.

వార్త అయితే 'భవనం కూలింది' అని చెప్పి ఆగుతుంది. రూపకం ఆ మిషను ముందు కూర్చున్న అమ్మాయి దగ్గర ఆగుతుంది. ఆమెకు ఆ జీతం తక్కువే, కానీ ఊళ్లో ఉంటే అదీ లేదు. 'ఆ బట్టలు కొనడం మానేద్దాం' అని తేలిగ్గా అనలేం, 'అంతా బాగానే ఉంది' అనీ అనలేం. ఒక మంచి రూపకం మనకు తీర్పు చేతికివ్వదు. తీర్పు ఎందుకు కష్టమో చూపిస్తుంది.

రెండు మూడు క్షణాల సొంత భాష

భాష చెప్పుకునేవాళ్లకు రేడియో రూపకంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది అనువాదం. విదేశీ వ్యక్తి మాట్లాడేటప్పుడు ముందు ఆ మనిషి గొంతే, ఆ మనిషి భాషలోనే రెండు మూడు క్షణాలు వినిపిస్తుంది. తర్వాత అది సన్నగిల్లి, దాని మీద అనువాదకుడి గొంతు వస్తుంది. చివర మళ్లీ ఒకటి రెండు మాటలు అసలు గొంతువి. ఆ కొద్ది క్షణాల వల్ల అర్థం పెరగదు. ఆ భాష మనకు రాదు కదా. మరి ఎందుకు ఉంచుతారు?

నా ఉద్యోగంలో బదిలీలు ఎక్కువ. కొత్త రాష్ట్రంలో మొదటి నెలంతా అర్థం కాని భాష మధ్యే గడుస్తుంది. మాట అర్థం కాకపోయినా మనిషి అర్థమవుతుంది. కూరగాయలమ్మే ఆమె బేరానికి విసుక్కుంటోందో, నవ్వుతోందో, పిల్లవాణ్ణి కేకేస్తోందో గొంతే చెబుతుంది. రూపకంలో ఆ రెండు మూడు క్షణాలు చేసే పని అదే. ఈ మనిషికి ఒక భాష ఉంది, వయసు ఉంది, అలసట ఉంది అని మనకు తెలుస్తుంది. ఆ తర్వాత వచ్చే అనువాదం ఎవరి మాటో మరిచిపోకుండా ఉంటాం.

అనువాదంలో మాటల ఎంపిక కూడా గమనించాలి. 1971లో పోరాడినవాళ్లను బెంగాలీలు 'ముక్తిజోద్ధా' అన్నారు, అంటే విముక్తి యోధుడు. పాకిస్తాన్ సైనిక ప్రభుత్వం అదే మనిషిని 'దుండగుడు' అంది. సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాన్ని శరణార్థులు అనవచ్చు, వలసదారులు అనవచ్చు, చొరబాటుదారులు అనవచ్చు. నడిచి వచ్చిన దారి ఒకటే. మాట మారితే వాళ్లకు అందే అన్నం మారుతుంది. మాట అంత ఖరీదైనది కనుకనే దాన్ని గమనిస్తూ వినమని చెప్పడం.

గొంతును నమ్మవచ్చా?

గొంతుకు శక్తి ఉన్నప్పుడు ప్రమాదమూ ఉంటుంది. ఆఫ్రికాలోని రువాండాలో 1993లో ఆర్టీఎల్‌ఎం అనే ప్రైవేటు రేడియో మొదలైంది. హుషారైన పాటలు, చమత్కారమైన కబుర్లు. వాటి మధ్య టుట్సీలను 'బొద్దింకలు' అంటూ ద్వేషం. 1994లో సుమారు వంద రోజుల్లో ఎనిమిది లక్షల వరకు మనుషులు హతమయ్యారని అంచనా. ఆ రేడియో పేర్లు చెప్పి మరీ హంతకులను ఉసిగొల్పింది. దాని స్థాపకుల్లో ఇద్దరిని 2003లో రువాండా కోసం ఏర్పాటైన అంతర్జాతీయ నేర ట్రిబ్యునల్ దోషులుగా తేల్చింది. రేడియో మనిషిని గొంతుగా మార్చగలదు. గొంతున్న మనిషిని పురుగుగానూ మార్చగలదు.

సొంత ప్రభుత్వానికి ఇష్టం లేని మాటను వినిపించగలదా అన్నది పబ్లిక్ రేడియోకు అసలు పరీక్ష. 1956లో సూయెజ్ కాలువ విషయంలో బ్రిటన్ ఈజిప్టు మీద సైనిక చర్యకు దిగింది. ప్రధాని ప్రసంగం తర్వాత ప్రతిపక్ష నాయకుడు హ్యూ గెయిట్స్‌కెల్ జవాబును కూడా బీబీసీ ప్రసారం చేసింది. ప్రభుత్వం నుంచి ఒత్తిడి వచ్చినా ఆ మాట ఆగలేదు. ప్రతి సంస్థా ప్రతిసారీ ఇలా నిలబడుతుందని కాదు. నిలబడిందో లేదో అడిగే హక్కు శ్రోతకు ఉందని మాత్రం గుర్తుంచుకోవాలి.

కాబట్టి ఏ రూపకం విన్నా నాలుగు ప్రశ్నలు వేసుకోండి:

1. ఈ కార్యక్రమానికి డబ్బు ఎవరిది?
2. ఆ దేశపు మనిషే మాట్లాడుతున్నాడా, అతని గురించి ఇంకెవరో మాట్లాడుతున్నారా?
3. ఎవరి గొంతు ఇందులో వినిపించలేదు?
4. సంగీతం తీసేస్తే ఈ మాట ఇంతే బలంగా ఉంటుందా?

ఎక్కడ మొదలుపెట్టాలి?

బీబీసీ వరల్డ్ సర్వీస్‌లో 'విట్‌నెస్ హిస్టరీ' అనే కార్యక్రమం ఒక్కో భాగం సుమారు పది నిమిషాలు. ఒక చారిత్రక ఘట్టాన్ని చూసినవాళ్లే చెబుతారు. ఇంగ్లిషు వినికిడికీ అది మంచి సాధన. పెద్దవి వినాలనుకునేవారికి 'ది డాక్యుమెంటరీ', 'అసైన్‌మెంట్' ఉన్నాయి. ఆకాశవాణి తెలుగు కేంద్రాలను 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్‌లో దేశంలో ఎక్కడి నుంచైనా వినవచ్చు. తెలుగు వినిపించని ఊళ్లలో ఉద్యోగం చేసేవాళ్లకు ఆ సదుపాయం విలువ బాగా తెలుసు. వినేటప్పుడు ఇంకో పని పెట్టుకోకండి. ఒక అట్లాసు, ఒక పెన్సిలు దగ్గర పెట్టుకోండి, చాలు.

విన్న తర్వాత ఒకటి మీరే తీయండి. అంతర్జాతీయ వ్యవహారం కోసం విమానం ఎక్కనక్కరలేదు. మన బళ్లలో చదివే పిల్లల తండ్రులు కొందరు కాంగో, దక్షిణ సూడాన్, లెబనాన్‌లలో ఐక్యరాజ్యసమితి శాంతిదళాల్లో పనిచేసి వచ్చినవారు. జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల్లో గల్ఫ్ వెళ్లివచ్చినవాళ్లు లేని ఊరు అరుదు. 2022లో యుక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతూ యుద్ధం వల్ల తిరిగివచ్చిన తెలుగు విద్యార్థులు ఉన్నారు. అదే యుద్ధంతో మన వంటింట్లో సన్‌ఫ్లవర్ నూనె ధర ఎందుకు పెరిగిందో మీ వీధి కిరాణా కొట్టు యజమాని చెప్పగలడు.

ఫోనులోని రికార్డరు చాలు. ముందు అనుమతి అడగండి. ఏ భాగం వద్దంటే ఆ భాగం తీసేస్తామని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఫ్యాను ఆపండి. మొదట ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ గది చప్పుడే రికార్డు చేయండి, అతికేటప్పుడు పనికొస్తుంది. 'మీకు ఎలా అనిపించింది' అని అడిగితే పొడిమాట వస్తుంది. 'ఆ రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పండి' అని అడగండి. వాళ్లు ఆగితే మీరూ ఆగండి. ఖాళీని మీ మాటతో నింపకండి. వ్యాఖ్యానం చివర రాయండి, అదీ తక్కువగా.

పది నిమిషాల రూపకం తయారైతే ఉదయం ప్రార్థన సమావేశంలో వినిపించవచ్చు. ఆ మనిషి భాష మీ తోటి విద్యార్థులకు రాకపోతే హిందీలోనో ఇంగ్లిషులోనో అనువాదం చదవండి. మొదటి వాక్యాన్ని మాత్రం ఆ మనిషి గొంతులోనే, ఆ మనిషి యాసలోనే ఉంచండి. వ్యాకరణం దిద్దకండి.